‘ఏదీ, చూపించు’ అంటే చూపించగలగాలి

బెర్మ్ అంటే ఏమిటని పరీక్షలో అడిగితే చాలామంది రెండు మార్కులూ కొట్టేస్తారు: అలలు ఇసుకను తెచ్చి పోయగా ఒడ్డున ఏర్పడే చదునైన మెట్టు. అదే పిల్లలను విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబెట్టి "ఏదీ, చూపించు" అంటే అటూ ఇటూ చూసి నీళ్లు నములుతారు. అప్పటికి వాళ్లు నిలబడ్డది దాని మీదే.

తీరశాస్త్రంలో ఏ మాటైనా వేలు పెట్టి చూపించగలిగినప్పుడే వచ్చినట్టు. ఈ అధ్యాయం మొత్తానికీ నేను చెప్పేది ఇదే. పుస్తకం చివర ఉండే పదకోశాన్ని బట్టీ పడితే ‘అ’ నుంచి ‘హ’ దాకా వస్తాయి గానీ, సముద్రం అకారాది క్రమంలో ఉండదు. ఇసుక దిబ్బ పక్కన బెర్మ్, బెర్మ్ కింద పోటు తడి, దాని కింద అల వచ్చిపోయే చోటు, ఆ తర్వాత నీటిలో మునిగిన ఇసుక తిన్నె. నేల నుంచి నీటివైపు ఒక్క తిన్నని గీత గీసుకుని నడిస్తే సగం పదకోశం ఆ గీత మీదే వరసగా ఎదురొస్తుంది. శాస్త్రవేత్తలు చేసేదీ అదే. ఆ గీతను ట్రాన్సెక్ట్ అంటారు.

ఏ వేళకు వెళ్లాలి

బీచ్‌కు సాయంత్రం చల్లబడ్డాక వెళ్లడం మనకు అలవాటు. చదువుకోవడానికి వెళ్లేవాళ్లు మాత్రం గడియారం కంటే ముందు తిథి చూసుకోవాలి. పౌర్ణమికీ అమావాస్యకూ, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల పాటూ, సూర్యచంద్రుల లాగుడు ఒకే వరసలో కలుస్తుంది. పోటు బాగా పైకి వస్తుంది, ఆటు బాగా కిందికి పోతుంది. అష్టమి ప్రాంతంలో ఆ రెండింటికీ పెద్ద తేడా ఉండదు. పుస్తకంలో ‘స్ప్రింగ్ టైడ్’, ‘నీప్ టైడ్’ అని ఉండేవి ఇవే. ఇక్కడ స్ప్రింగ్‌కు వసంత రుతువుతో సంబంధం లేదు, నెలకు రెండుసార్లు వస్తుంది. విశాఖ దగ్గర పెద్ద పోటు రోజుల్లో ఎగువ మట్టానికీ దిగువ మట్టానికీ తేడా సుమారు ఒకటిన్నర మీటర్లు. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో అది పది మీటర్ల దాకా వెళ్తుంది. చంద్రుడు ఒకడే. తీరం ఆకారం, లోతు మారాయి.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ మధ్యాహ్నం మూడింటికి నీరు అడుగంటితే, రేపు దాదాపు మూడూ యాభైకి. ఈ లెక్క ఒక్కటి వస్తే వారం మొత్తానికి మీ టైంటేబుల్ మీరే వేసుకోవచ్చు. నీరు పూర్తిగా తీయడానికి గంటన్నర ముందు ఒడ్డుకు చేరండి. పోటు వేళల పట్టికలు ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. దేశమంతటికీ సముద్రం సంగతులు చెప్పే ఈ సంస్థ హైదరాబాద్‌లో, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన ఉంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత 2007లో హెచ్చరిక కేంద్రాన్ని నెలకొల్పిందీ అక్కడే. కాబట్టి మా ఊరికి సముద్రం లేదు, ఈ చదువు మాకెందుకనే మాట తెలంగాణ పిల్లల దగ్గర చెల్లదు.

గీత మీద నడక

అన్నిటికంటే పైన ఇసుక దిబ్బలు. ఊళ్లు, రోడ్లు, రిసార్టులు మింగేయగా ఎక్కడైనా మిగిలి ఉంటే వాటి మీద ఊదారంగు పూల తీగ పాకి ఉంటుంది. ఆకు చివర రెండుగా చీలి మేక గిట్టలా కనిపించే ఆ తీగ బాలబంద. దాని పక్కనే ముట్టుకుంటే గుచ్చుకునే గడ్డి, రావణుడి మీసాలు. గాలి మోసుకొచ్చిన ఇసుకను ఈ రెండూ ఆపి, వేళ్లతో పట్టి, దిబ్బను పెంచుతాయి. సరుగుడు తోటలు కూడా అదే పని చేస్తాయని చెబుతారు. గాలిని ఆపుతాయి, నిజమే. కానీ సరుగుడు ఆకు రాలి నేలంతా కప్పేస్తే తీగ జాతులకు చోటుండదు. తుపానుకు అడ్డుగోడ అని తీరం పొడవునా సరుగుడే నాటడం నాకు అంత తెలివైన పనిగా అనిపించదు.

దిబ్బ దిగితే పొడి ఇసుక, అందులో పీతల బొరియలు. దూరం నుంచి ఎర్రగా మెరిసి, మీరు పది అడుగులు వేసేలోపు మాయమయ్యే ఎర్ర పీతల ఇళ్లవి. ఇక్కడ చిన్న పని ఒకటి చేయండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు వచ్చేలా తాడును నేలమీద చతురస్రంగా పరచి లోపలి బొరియలు లెక్కపెట్టండి. తర్వాత జనం, బళ్లు తిరిగే చోట మళ్లీ లెక్కపెట్టండి. మనుషుల తొక్కిడి ఎక్కువైన చోట ఈ బొరియలు తగ్గుతాయని ప్రపంచంలో చాలా తీరాల్లో చూశారు. ఇలా ఒక చోటు ఆరోగ్యాన్ని చెప్పే ప్రాణిని సూచిక జీవి అంటారు. లెక్కపెట్టినవాడు ఆ మాటను మరిచిపోడు.

ఇంకొంచెం దిగగానే చెత్త గీత వస్తుంది. నాచు, గవ్వలు, పుల్లలు, ఇప్పుడైతే సీసా మూతలు, గుట్కా ప్యాకెట్లు. పోటు ఎంతవరకు వచ్చిందో సముద్రం రాసిపెట్టి పోయిన సంతకం అది. బాగా చూస్తే ఒకటి కాదు, రెండు మూడు గీతలుంటాయి. కింద తడిగా ఉన్నది ఇవాళ్టిది. పైన ఎండి, ఈగలు కూడా వదిలేసింది మొన్నటి అమావాస్యదో పౌర్ణమిదో. అంతకంటే పైన, దిబ్బ మొదట్లో దుంగలు, తెగిన వలలు ఉంటే అది ఏదో తుపానుది. మూడు తేదీలు మూడు గీతలుగా కనిపిస్తున్నప్పుడు ఫొటో తీసుకునే ముందు ఒక్క నిమిషం నిలబడి చూడండి.

బెర్మ్ అంచు దాటాక నేల ఒక్కసారిగా వాలుతుంది. అల పైకి ఎగబాకడం స్వాష్, వెనక్కి జారడం బ్యాక్‌వాష్, రెండూ ఆడే ఈ వాలు బీచ్ ముఖం. వాలు ఎంత నిటారుగా ఉందో ఇసుక రేణువు చెబుతుంది. ముతక ఇసుకలో నీరు ఇంకిపోతుంది కాబట్టి వెనక్కి జారే నీటికి బలం తగ్గి ఇసుక పైనే నిలుస్తుంది, వాలు పెరుగుతుంది. మెత్తటి ఇసుక తీరం అందుకే బల్లపరుపుగా ఉంటుంది. తడి ఇసుక మీద ఆవగింజలంత ఉండలు పువ్వు ఆకారంలో పేర్చి ఉంటే ఆగండి. అది ఇసుక ఉండల పీత పని. నీరు తీసిన కొన్ని గంటల్లో ఇసుకను నోటితో జల్లించి, అందులోని సూక్ష్మజీవులను తిని, మిగిలినదాన్ని ఉండ చేసి పడేస్తుంది. వచ్చే పోటు ఆ ముగ్గంతా చెరిపేస్తుంది, పీత మళ్లీ మొదలుపెడుతుంది. పోటుకూ ఆటుకూ మధ్య రోజుకు రెండుసార్లు మునిగి తేలే ఈ పట్టీనే ఇంటర్‌టైడల్ జోన్ అంటారు.

ఇదే నడకలో ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తే చమురో మురికో అనుకోకండి. ఒక అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి ఆ చార మీద తిప్పండి. కవరుకు నల్లటి గడ్డం మొలుస్తుంది. అది మాగ్నటైట్. అయస్కాంతానికి అంత తేలిగ్గా లొంగని నలుపులో ఎక్కువ భాగం ఇల్మనైట్. గులాబి రంగు రేణువులు గార్నెట్. తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్లలో గార్నెట్, సిల్లిమనైట్ దండిగా ఉంటాయి. వాన, వాగు, నది కలిసి ఆ రాళ్లను అరగదీసి ఇక్కడికి చేర్చాయి. ఇప్పుడు అసలు సంగతి: మామూలు ఇసుక క్వార్ట్జ్, తేలిక. గట్టి అల దాన్ని లాక్కుపోయి బరువైన ఈ ఖనిజాలను వదిలేస్తుంది. కాబట్టి నల్ల చార బాగా కనిపించిందంటే ఆ చోట ఈ మధ్యే ఇసుక కొట్టుకుపోయిందని అనుమానించొచ్చు. భీమిలి వైపు ఎర్రమట్టి దిబ్బల దగ్గర మరో రంగు చూస్తారు. అక్కడ ఇసుక రేణువులకు ఐరన్ ఆక్సైడ్ పూత పట్టింది. దిబ్బలను భారత భూగర్భ సర్వే సంస్థ జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. ఆ ఇసుకను జేబులో వేసుకు రావొద్దు.

రెండు కర్రలు, ఒక తాడు

తీరాన్ని కొలవడానికి డ్రోన్లు, జీపీఎస్ పరికరాలు ఉన్నాయి. హైస్కూలు పిల్లలకు రెండు కర్రలు చాలు. అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త కె.ఓ. ఎమరీ 1961లో ప్రచురించిన ఈ పద్ధతిని ఇప్పటికీ చాలా దేశాల్లో వాడుతున్నారు.

ఒకటిన్నర మీటరు కర్రలు రెండు తీసుకుని, పై కొస దగ్గర సున్నా పెట్టి కిందికి సెంటీమీటర్లు గీయండి. రెండింటికీ మధ్య రెండు మీటర్ల తాడు కట్టండి. దిబ్బ మొదట్లో ఎప్పటికీ కదలని గుర్తు ఒకటి చూసుకోండి. కరెంటు స్తంభమో, గుడి మెట్టో. అక్కడ ఒకరు, తాడు బిగిసేంత దూరంలో సముద్రం వైపు మరొకరు కర్రలు నిటారుగా పట్టుకోవాలి. సముద్రం వైపు కర్ర పై కొస, దూరాన ఆకాశమూ నీరూ కలిసే గీత, మీ కన్ను, ఈ మూడూ ఒకే వరసలోకి వచ్చేదాకా మీ కర్ర వెంట కన్నును కిందికి దించండి. కన్ను ఆగిన చోట మీ కర్ర మీద 14 ఉంటే, ఆ రెండు మీటర్లలో నేల 14 సెంటీమీటర్లు దిగిందన్నమాట. కొన్నిచోట్ల, ముఖ్యంగా బెర్మ్ వెనక, నేల దిగడానికి బదులు లేస్తుంది. అప్పుడు మీ కర్ర పై కొస నుంచి క్షితిజ రేఖను చూసి, ఆ చూపు ఎదుటి కర్రను ఎక్కడ తాకిందో చదవాలి. అది మైనస్ కాదు, ప్లస్. ఈ తేడా దగ్గరే గ్రాఫ్‌లు తలకిందులవుతుంటాయి కాబట్టి కాగితం మీద ‘దిగింది’, ‘లేచింది’ అని మాటల్లో రాయడం మేలు.

మెత్తటి ఇసుకలో కర్ర దిగబడితే కొలత పోతుంది. కర్ర అడుగున చిన్న చెక్క పలక కొట్టించండి. మోకాలి లోతు దాటి ఎవరూ నీళ్లలోకి దిగకూడదు, అక్కడితో కొలత ఆపేయాలి.

ఒక్కసారి కొలిస్తే బీచ్ బొమ్మ వస్తుంది. నెలనెలా అదే గుర్తు నుంచి, అదే తిథికి కొలిస్తే బీచ్ కథ వస్తుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో ఉధృతమైన అలలు బెర్మ్‌ను కొరికి ఆ ఇసుకను నీటి అడుగున తిన్నెగా పోస్తాయి. అలలు నెమ్మదించాక అందులో చాలా భాగం మెల్లగా ఒడ్డెక్కుతుంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ లాంటి తుపాను వస్తే నెలల పని ఒక్క రోజులో జరుగుతుంది. అందుకే తుపాను మర్నాడు "బీచ్ పోయింది" అని పేపర్లో చూసి కంగారుపడనక్కర్లేదు, వేసవిలో వెడల్పుగా ఉందని సంబరపడనూ అక్కర్లేదు. రుతువుతో వచ్చిపోయేది వేరు, ఏటికేడు తిరిగిరానిది వేరు. రెండోదాన్నే కోత అనాలి. ఆ రెంటినీ విడదీసి చెప్పడానికి కొన్నేళ్ల గీతలు ఒకే గ్రాఫ్ కాగితం మీద ఉండాలి.

ఇసుక ఎటు నడుస్తోంది

ఇప్పుడు ఒక కమలాపండు కావాలి. అలలు విరిగే చోటికి ఒడ్డు నుంచే విసరండి. పండు చాలావరకు నీటిలో మునిగి తేలుతుంది కాబట్టి గాలి దాన్ని పెద్దగా నెట్టలేదు, నీరే నెట్టాలి. ఒడ్డున ఇరవై మీటర్ల ఎడంగా రెండు చోట్ల చెప్పులు పెట్టి, పండు ఆ దూరం దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. యాభై సెకన్లయితే ఒడ్డు వెంట ప్రవాహ వేగం సెకనుకు 0.4 మీటర్లు. ఇదే లాంగ్‌షోర్ కరెంట్. అలలు తీరానికి ఏటవాలుగా వస్తాయి. స్వాష్ రేణువును ఏటవాలుగా పైకి తోస్తుంది, బ్యాక్‌వాష్ తిన్నగా కిందికి లాగుతుంది, మళ్లీ ఏటవాలుగా పైకి. ఇలా రంపపు పళ్ల దారిలో ఇసుక ఒడ్డు వెంట ప్రయాణం చేస్తుంది. మన తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో ఈ ప్రయాణం ఉత్తరం వైపు, ఈశాన్య రుతుపవనాల్లో దక్షిణం వైపు. ఏడాది మొత్తం మీద లెక్క తీస్తే ఉత్తరానిదే పైచేయి.

ఈ దారికి అడ్డంగా గోడ కడితే ఏమవుతుందో చెన్నై చూపించింది. 1870ల్లో మద్రాసు రేవు కట్టడం మొదలైంది. దక్షిణం నుంచి వచ్చే ఇసుక రేవు గోడ దగ్గర ఆగి పోగుపడి ఇవాళ్టి మెరీనా బీచ్‌ను అంత వెడల్పు చేసింది. ఉత్తరాన రాయపురం వైపు ఇసుక అందక సముద్రం లోపలికి చొచ్చుకొచ్చింది. మెరీనాలో షికారు చేసేవాళ్లకు అందింది రాయపురం వాటా. విశాఖలోనూ ఇదే సూత్రం. 1933లో ప్రారంభమైన రేవుకు 1970ల్లో ఔటర్ హార్బర్ తోడయింది. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి వచ్చే ఇసుక అక్కడ చిక్కుకుంటుంది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ పక్కకు చేరదు. అందుకని రేవు దగ్గర డ్రెడ్జర్లతో తవ్విన ఇసుకను బీచ్‌లో పోస్తుంటారు. దానిపేరు బీచ్ నరిష్‌మెంట్. పోసింది నిలవదు, మళ్లీ పోయాలి. ఖర్చు దండగ అనేవాళ్లున్నారు. రేవు ఉన్నంత కాలమూ అది రేవు ఖర్చులో భాగమేనని నా లెక్క.

కాకినాడ పక్కన ఉప్పాడలో పరిస్థితి ఇంకా మొండిది. జాలరి పేటల్లో ఇళ్ల వరసలే సముద్రంలో కలిసిపోయాయి. ఇసుక నింపిన పెద్ద పెద్ద జియోట్యూబులు వేశారు, రాళ్లు పోశారు, బీచ్ రోడ్డు మాత్రం తుపాను వచ్చినప్పుడల్లా దెబ్బతింటూనే ఉంది. కారణం ఒక్కటని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎగువన ఆనకట్టలు కట్టాక గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గింది. గోదావరి మొగ నుంచి ఉత్తరానికి పెరిగిన హోప్ ఐలాండ్ ఇసుక నాలుక అలల తీరును మార్చింది. ఆ నాలుకే లోపలి కాకినాడ అఖాతానికీ, కోరింగ మడ అడవులకూ అడ్డుగా నిలిచి వాటిని కాస్తోంది. ఒక చోట కాపు, మరో చోట కోత.

కమలాపండు ఒడ్డు వెంట పోకుండా తిన్నగా సముద్రంలోకి పోతే వెంటనే అందరినీ వెనక్కి పిలవండి. అది రిప్ కరెంట్. అలలు మోసుకొచ్చిన నీరు మునిగిన తిన్నెలోని సందు గుండా వెనక్కి పరుగెత్తే దారి. దీని గుర్తు మోసపుచ్చుతుంది. అటూ ఇటూ తెల్లటి నురగతో అలలు విరుగుతుంటాయి, మధ్యలో ఒక పట్టీ మాత్రం నల్లగా, నెమ్మదిగా కనిపిస్తుంది. ఈత రానివాళ్లు అక్కడే బాగుందని దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదడం ప్రాణాంతకం. దాని వేగం సెకనుకు రెండు మీటర్ల దాకా పోగలదు, ఒలింపిక్ ఈతగాడికి కూడా సరిసమానం. వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపాలి, వీలైతే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరిగి, లాగుడు తగ్గాక అలలతో పాటు రావాలి. ఒడ్డున ఉన్నవాళ్లు దూకకూడదు. తేలే వస్తువు ఏదైనా, ఖాళీ క్యానైనా సరే, విసిరి, జాలర్లనో గార్డులనో పిలవాలి. ఈ పేరా మాత్రం బట్టీ పట్టినా నాకు అభ్యంతరం లేదు.

మడ అడవికి వెళ్తే

కోరింగలో చెక్క వంతెన మీద నడుస్తూ రెండు చూడండి చాలు. మొదటిది బురదలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చిన శ్వాస వేర్లు. బురదలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి తెల్ల మడ వేళ్లను పైకి పంపి గాలి పీలుస్తుంది. రెండోది ఆకు. తెల్ల మడ ఆకు మీద ఎండలో మెరిసే ఉప్పు రేణువులను చిటికెన వేలితో తీసి నాలుక మీద పెట్టుకోండి. చెట్టు కక్కేసిన ఉప్పు అది. పొన్న చెట్టయితే మరో దారి పట్టింది, వేళ్ల దగ్గరే చాలా ఉప్పును వడకట్టేస్తుంది. దాని గింజ చెట్టు మీదే మొలకెత్తి, పొడుగాటి కాడగా తయారై, ఆ తర్వాతే బురదలోకి రాలుతుంది. తిల్ల చెట్టు జోలికి మాత్రం పోవద్దు. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

సముద్రం అందుబాటులో లేని ఊళ్లవాళ్లు గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలను వరసగా తిప్పుతూ ఉప్పాడ రోడ్డు, హోప్ ఐలాండ్ కొస, పులికాట్ సరస్సు మొగ ఈ మూడింటి మీదా గీత గీసి చూడవచ్చు. కర్రలు లేవన్నమాటే గానీ చేసేది అదే పని.

ఏ గీత నుంచి కొలవాలి

ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 974 కిలోమీటర్లని మనమంతా చదువుకున్నాం. ఇటీవలి లెక్కలో అది 1,053 కిలోమీటర్లు దాటింది. కొత్త నేలేమీ పుట్టలేదు. పాత కొలత చాలా చిన్న స్కేలు పటం మీద తీసింది. పెద్ద స్కేలు పటం మీద కొలిచేసరికి ఉప్పుటేర్ల వంపులు, మొగల మలుపులు కూడా లెక్కలోకి వచ్చాయి. ఇంకా చిన్న కొలబద్దతో కొలిస్తే ఇంకా పెరుగుతుంది.

పొడవు సంగతి పరీక్షకు పనికొస్తుంది. అంతకంటే అసలైన పేచీ పోటు గీత దగ్గర ఉంది. 1991లో మొదటిసారి వచ్చి, 2011లోనూ 2019లోనూ మారిన తీర నియంత్రణ మండల నోటిఫికేషన్ ప్రకారం, పెద్ద పోటు రోజుల్లో నీరు నేల మీద అత్యధికంగా చేరే గీత హై టైడ్ లైన్. అక్కడి నుంచి నేలవైపు 500 మీటర్ల దాకా నియంత్రణ మండలం. 2019 నిబంధనల్లో, చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనసాంద్రత ఉన్న గ్రామీణ తీరంలో ఆ గీత నుంచి 50 మీటర్లలో, అంతకంటే తక్కువ ఉన్నచోట 200 మీటర్లలో కొత్త నిర్మాణాలకు సాధారణంగా అనుమతి లేదు. అంటే గీత పది మీటర్లు సముద్రం వైపు జరిగితే హోటల్ గోడ కూడా పది మీటర్లు జరగవచ్చు.

ఆ గీతలను అధికారికంగా గీసిన పటాలు తీర జిల్లాలన్నిటికీ ఉంటాయి. మీ మండలం పటం తెచ్చుకోండి. వచ్చే పౌర్ణమి తర్వాత రోజు, పోటు దిగాక, అందులో గీత ఉన్నచోటు వెతికి నిలబడండి. తడి చెత్త మీకు పైన ఉందో కింద ఉందో చూసి, దూరం అడుగుల్లో కాదు, మీటర్లలో రాసుకోండి. పక్కన తేదీ, తిథి, సమయం కూడా.